బ్రష్ కట్టర్, చైన్ సా, పవర్ వీడర్: అరిగిన డ్రైవ్ పార్టుల స్థానంలో పాత మెషిన్ల సామాను వాడడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

వరి గట్ల మీద, మామిడి తోటల్లో, ఆయిల్ పామ్ తోటల్లో బ్రష్ కట్టర్ లేకుండా ఇప్పుడు పని సాగడం కష్టం. ఇంజన్ బాగానే ఉన్నా, ఇంజన్ నుంచి బ్లేడుకు బలాన్ని తీసుకెళ్లే క్లచ్, షాఫ్ట్, గేర్ హెడ్ (బ్లేడు దగ్గరుండే గేర్ల పెట్టె) అరిగిపోయి మూలన పడిన మెషిన్లు చాలా ఊళ్లలో కనిపిస్తాయి. కొత్త పార్టు తెప్పించడానికి వారం పడుతుంది. కలుపు వారం ఆగదు. పాడైన మరో మెషిన్ నుంచి పార్టు తీసి బిగించడం మంచి పనే, కాకపోతే ఏది తీయాలో, ఏది తీయకూడదో తెలిసి చేయాలి. ఎక్కువగా అడిగే సందేహాలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. ఎక్కువ భాగం బ్రష్ కట్టర్ గురించే, ఎందుకంటే ఎక్కువగా పాడయ్యేది అదే.

ఇంజన్ రేజ్ అవుతోంది కానీ బ్లేడు తిరగడం లేదు. ఎక్కడ పోయినట్టు?

మూడు చోట్లలో ఒకచోట. విప్పకముందే కనిపెట్టొచ్చు. ఇంజన్ ఆపి, స్పార్క్ ప్లగ్ క్యాప్ తీసేయండి. మందపాటి గ్లవ్స్ వేసుకుని బ్లేడును చేత్తో తిప్పండి. ఇప్పుడు క్లచ్ హౌసింగ్‌ను ఇంజన్‌కు పట్టి ఉంచే బోల్టులు తీసి, షాఫ్ట్ ఉండే పైపును ఇంజన్ నుంచి వేరు చేయండి. గిన్నెలా ఉండే క్లచ్ డ్రమ్ కనిపిస్తుంది. మళ్లీ బ్లేడు తిప్పితే డ్రమ్ కూడా తిరగాలి.

డ్రమ్ తిరిగితే షాఫ్ట్, గేర్లు బాగున్నట్టే, తప్పు క్లచ్ షూలది, అంటే రేజ్ పెరిగితే విచ్చుకుని డ్రమ్‌ను లోపలి నుంచి పట్టే ముక్కలది. డ్రమ్ కదలకపోతే గేర్ హెడ్‌ను పైపు నుంచి లాగి, షాఫ్ట్ కొసను పట్టుకుని తిప్పండి. షాఫ్ట్ తిప్పితే డ్రమ్ తిరుగుతోందంటే అటు చివర బాగుంది, పోయింది గేర్లు గానీ, గేర్ హెడ్ వైపు షాఫ్ట్ పళ్లు గానీ. షాఫ్ట్ తిరిగినా డ్రమ్ నిలిచిపోతే క్లచ్ వైపు పళ్లు కొట్టేశాయి. చాలామంది ఈ పరీక్ష చేయకుండానే క్లచ్ షూలు కొని బిగిస్తారు, ఆ డబ్బు వృథా.

బ్లేడు గాల్లో బాగా తిరిగి, గడ్డిలో పెట్టగానే ఆగి, కాలిన వాసన వస్తే మాత్రం అది క్లచ్ జారడమే.

ఏ పార్టులు పాతవి వాడొచ్చు? ఏవి కొత్తవే కొనాలి?

లోహంతో, కొలత ప్రకారం చేసిన పెద్ద పార్టులు పాతవి తీసుకోవచ్చు: గేర్ హెడ్ మొత్తంగా, క్లచ్ డ్రమ్, సాలిడ్ షాఫ్ట్, పైపు, క్లచ్ హౌసింగ్, పుల్లీలు. వీటికి కొత్తవి కొంటే ఖర్చు ఎక్కువ, పాతవి బాగుంటే ఇంకా చాలా ఏళ్లు నడుస్తాయి.

బేరింగ్, ఆయిల్ సీల్, క్లచ్ స్ప్రింగ్, సర్‌క్లిప్ (గాడిలో కూర్చుని బేరింగ్‌ను ఆపే రింగు), బెల్టు మాత్రం కొత్తవే. ఇవి చవక. అంతకన్నా ముఖ్యంగా, వీటి వయసు కంటికి కనిపించదు. సాగిన స్ప్రింగ్ చూడ్డానికి బాగానే ఉంటుంది.

బ్లేడు, బ్లేడును పట్టే నట్టు, చైన్ సా బ్రేక్ బ్యాండ్ ఎవరిచ్చినా పాతవి బిగించకండి. పగిలిన బ్లేడుకు వెల్డింగ్ పెట్టించడం అసలే వద్దు. ఎగిరిన ముక్క కాలికి తగిలినా, పక్క మనిషికి తగిలినా పోయేది ప్రాణం.

పార్టులు తీయడానికి ఎలాంటి పాత మెషిన్ మంచిది?

ఇంజన్ పట్టేసిన మెషిన్ అన్నిటికంటే మంచిది. పెట్రోల్‌లో టూ స్ట్రోక్ ఆయిల్ కలపడం మరిచిపోయి పిస్టన్ పట్టేస్తే, ఆ రోజు వరకు దాని క్లచ్, షాఫ్ట్, గేర్లు మామూలుగా పనిచేస్తున్నవే. తక్కువ గంటలు నడిచిన మెషిన్ అయితే ఇంకా మేలు. "గేర్ బాక్స్ శబ్దం వస్తోంది" అని అమ్మేసిన మెషిన్ నుంచి గేర్ హెడ్ తీయడం మాత్రం దండగ.

పాత ఇనుప సామాను కొట్లలో, ఊరి మెకానిక్ షెడ్డు వెనకాల, విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల వెతకొచ్చు. రాణిగంజ్‌లో బేరింగులు, సీళ్లు, నట్టు బోల్టులు కొత్తవి కూడా పక్కపక్క కొట్లలోనే దొరుకుతాయి కాబట్టి రెండు పనులూ ఒకేసారి అవుతాయి. వెళ్లేటప్పుడు మీ పాడైన పార్టును చేత్తో పట్టుకెళ్లండి. ఫోటో చూపిస్తే సరిపోదు, అర మిల్లీమీటరు తేడా ఫోటోలో తెలియదు. కొలవడానికి ఒక వర్నియర్ కూడా జేబులో ఉండాలి.

క్లచ్ షూలు అరిగాయా, డ్రమ్ అరిగిందా? ఎలా తెలుస్తుంది?

షూ అంచు మీద లైనింగ్ ఉండే రకమైతే, లైనింగ్ పల్చబడి లోహం తగులుతోందేమో చూడండి. లైనింగ్ లేని లోహపు షూలైతే రెండూ సమానంగా అరిగాయా అన్నది చూడాలి. ఒకటి ఎక్కువ అరిగితే ఇంజన్ వణుకుతుంది.

తర్వాత డ్రమ్ లోపల గోరుతో గీయండి. షూ రాసుకునే చోటుకీ, రాసుకోని అంచుకీ మధ్య మెట్టు గోరుకు గట్టిగా తగిలితే డ్రమ్ అరిగింది. డ్రమ్ నీలం రంగుకు తిరిగితే బాగా వేడెక్కిందని అర్థం. అలాంటి డ్రమ్ పాత సామాన్లలో ఎంత చవకగా దొరికినా తీసుకోకండి.

సైజు విషయంలో జాగ్రత్త. మార్కెట్లో ఎక్కువగా దొరికే 43, 52 సీసీ టూ స్ట్రోక్ మెషిన్లలో 78 మి.మీ. డ్రమ్ సాధారణం. చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో 76 మి.మీ. కూడా కనిపిస్తుంది. 76కు తగ్గ షూలు 78 డ్రమ్‌లో పట్టినట్టే ఉంటాయి. కానీ షూ ఎక్కువ దూరం విచ్చుకోవాలి, ఆలస్యంగా పడుతుంది, మొత్తం ఆనకుండా కొంత చోటే రాసుకుంటుంది, త్వరగా కాలిపోతుంది. అందుకే వీలైతే షూలను, డ్రమ్‌ను ఒకే పాత మెషిన్ నుంచి జతగా తీసుకోండి. అరుగుదల ఎప్పుడూ జతలోనే జరుగుతుంది. ఈ పేజీలో గేర్లకు, చైన్‌కు కూడా ఇదే వర్తిస్తుంది.

స్ప్రింగ్ మాత్రం ఆ జతలోది వాడకుండా కొత్తది వేయండి. స్ప్రింగ్ బలహీనమైతే ఐడిల్‌లోనే, అంటే రేజ్ ఇవ్వకుండానే బ్లేడు తిరుగుతుంది. ఇలాంటి మెషిన్లలో ఐడిల్ వేగం నిమిషానికి 3,000 చుట్ల దగ్గర ఉంటుంది, క్లచ్ పట్టేది అంతకన్నా బాగా పైన ఉండాలి. ఐడిల్‌లో బ్లేడు తిరిగే మెషిన్‌ను భుజాన వేసుకుని ఎవరూ నడవకూడదు.

షాఫ్ట్ పళ్లు అరిగిపోయాయి. ఏ షాఫ్ట్ సరిపోతుంది?

నాలుగు కొలతలు కలవాలి: పళ్ల సంఖ్య, షాఫ్ట్ మందం, మొత్తం పొడవు, పైపు వ్యాసం. పళ్లు 7 ఉండేవి, 9 ఉండేవి ఎక్కువ. పైపు 26 మి.మీ., 28 మి.మీ. రకాలు ఎక్కువ. కొనేటప్పుడు పళ్లు లెక్కపెట్టి, మీ డ్రమ్‌లో కొస దూర్చి చూడండి. తేలిగ్గా దూరాలి, చేత్తో అటూ ఇటూ తిప్పితే కదలిక దాదాపు ఉండకూడదు.

పొడవు అటూ ఇటూ అయితే కోసేయొచ్చనుకుంటారు. కుదరదు. పళ్లు రెండు కొసల్లోనే ఉంటాయి, కోస్తే అవే పోతాయి. ముక్కలు కలిపి వెల్డింగ్ చేయిస్తే ఆ వేడికి షాఫ్ట్ వంగుతుంది, నిమిషానికి వేల చుట్లు తిరిగేటప్పుడు పైపులో కొరడాలా కొట్టుకుంటుంది. పొట్టిగా ఉన్న షాఫ్ట్ కూడా వద్దు. గేర్ లోపలికి పళ్లు పూర్తిగా దూరకపోతే కొస మీదే బలం పడి, కొత్తగా దొరికిన షాఫ్ట్ కూడా తొందరగానే కొట్టేస్తుంది.

అన్నిటికన్నా తేలిక మార్గం పైపుతో సహా షాఫ్ట్‌ను తీసుకోవడం. పైపులో మధ్యమధ్య షాఫ్ట్‌ను పట్టి ఉంచే బుష్‌లు అప్పుడు ఆ షాఫ్ట్‌కు తగ్గవే వస్తాయి. పైపు మీద నొక్కు ఉంటే మాత్రం వదిలేయండి. షాఫ్ట్‌ను గాజు పలక మీద దొర్లించి చూస్తే వంకర ఉందో లేదో తెలుస్తుంది.

గేర్ హెడ్ శబ్దం చేస్తోంది. విప్పి ఎలా బాగుచేయాలి?

బ్లేడుతో మొదలుపెట్టండి. గేర్ హెడ్ పక్కనున్న రంధ్రంలో పిన్ను గానీ అల్లెన్ కీ గానీ దూర్చి షాఫ్ట్ తిరగకుండా ఆపండి. బ్లేడు నట్టు ఉల్టా మర, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. ఇది తెలియక బలం కొద్దీ మరింత బిగించి మర చెడగొట్టుకున్నవాళ్లు చాలామంది. తర్వాత పైపు మీద క్లాంప్ బోల్టులు వదులు చేసి, పైపు రంధ్రంలోకి దిగే చిన్న బోల్టును పూర్తిగా తీసేస్తే హెడ్ ఊడివస్తుంది.

పాత గ్రీజును తుడిచి చూడండి. నల్లగా ఉంటే ఫర్వాలేదు. వెండిపొడి కలిపినట్టు మెరిస్తే గేర్ గానీ బేరింగ్ గానీ అరుగుతోంది. పాలలా తెల్లబడితే నీళ్లు చేరాయి, సీల్ పోయింది. వరి గట్ల మీద పనిచేసిన మెషిన్లలో ఇలా కనిపించే అవకాశం ఎక్కువ. హెడ్‌ను కిరోసిన్‌తో కడిగి ఆరనివ్వండి.

సీల్ తీశాక సర్‌క్లిప్ కనిపిస్తుంది. దాన్ని సర్‌క్లిప్ ప్లయర్స్‌తోనే తీయాలి, స్క్రూడ్రైవర్‌తో లేపితే ఎగిరి కంట్లో పడుతుంది. ఇప్పుడు అల్యూమినియం హౌసింగ్‌ను హాట్ ఎయిర్ గన్‌తో చుట్టూ సమానంగా వేడి చేయండి. పైన నీటి చుక్క వేస్తే చర్రుమని ఆవిరి కావాలి, అంతకన్నా ఎక్కువ వేడి అక్కర్లేదు. గ్యాస్ వెల్డింగ్ మంట నేరుగా పెట్టకండి. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, బేరింగ్ పట్టు సడలుతుంది. గ్లవ్స్‌తో పట్టుకుని నోరు కిందకు ఉండేలా చెక్క దిమ్మె మీద కొడితే షాఫ్ట్, పెద్ద గేర్, బేరింగ్ కలిసి జారి వస్తాయి. లోపల పల్చని వాషర్లు, అంటే షిమ్‌లు ఉంటే ఏది ఎటువైపు ఉందో అప్పుడే ఫోటో తీసుకోండి.

గేర్ పళ్లను వెలుతురులో పెట్టి చూడండి. మెరుపు సమస్య కాదు. కొసలు కత్తి అంచులా పదునెక్కినా, చిన్న గుంతలు పడినా, ఒక్క పన్ను విరిగినా ఆ జత పని అయిపోయింది.

బిగించేటప్పుడు కొత్త బేరింగ్‌ను గంటసేపు డీప్ ఫ్రిజ్‌లో పెట్టి, హౌసింగ్‌ను వేడి చేస్తే దాదాపు దానంతట అదే దిగుతుంది. కొంచెం కొట్టాల్సి వస్తే హౌసింగ్‌లోకి దించేటప్పుడు బయటి రింగు మీద, షాఫ్ట్ మీదకు ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీద మాత్రమే. దానికి సరిపడే పాత సాకెట్ ఒకటి దొరుకుతుంది. తప్పు రింగు మీద కొడితే గోళీల దారిలో గుంతలు పడి, కొత్త బేరింగ్ మొదటి రోజే గరగరమంటుంది.

రెండు పాత గేర్ హెడ్‌ల నుంచి చెరొక గేర్ తీసి కలపొచ్చా?

వద్దు. ఆ రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్‌వి అయినా వద్దు. బెవెల్ గేర్లు, అంటే హెడ్‌లో ఒకదానికొకటి అడ్డంగా కలిసే చిన్న, పెద్ద గేర్లు, ఒకదానికొకటి అరుగుతూ కలిసిపోతాయి. చిన్న గేర్ ఒక హెడ్‌ది, పెద్దది మరో హెడ్‌ది అయితే పళ్లు సరైన చోట ఆనవు, మొదటి గంటలోనే ఏడుపు శబ్దం మొదలవుతుంది.

ఒకే జత అయినా ఒకసారి పరీక్షించండి. పెద్ద గేర్ పళ్లకు పర్మనెంట్ మార్కర్‌తో రంగు వేసి, ఆరాక బిగించి, చేత్తో కొన్ని చుట్లు తిప్పి, విప్పి చూడండి. రంగు పన్ను మధ్య భాగంలో చెరిగితే సరిగ్గా కూర్చున్నట్టు. ఒక కొసలోనే చెరిగితే షిమ్ మార్చాలి. చిన్న గేర్‌ను కదలకుండా పట్టుకుని పెద్దదాన్ని ఊపితే కాగితం మందమంత ఆట (కదలిక) ఉండాలి. అసలు ఆట లేకపోతే వేడెక్కి కాలుతుంది.

వేరే కంపెనీ గేర్ హెడ్ మొత్తంగా బిగిస్తే?

పైపు వ్యాసం, షాఫ్ట్ పళ్లు కలిస్తే బిగుస్తుంది. అయినా నాలుగు చూసుకోవాలి. పైపు రంధ్రం, హెడ్ రంధ్రం ఎదురెదురుగా రావాలి. గార్డు బిగించే చోటు ఉండాలి, గార్డు లేకుండా నడపకూడదు. బ్లేడు రంధ్రం 25.4 మి.మీ. ఎక్కువ కానీ 20 మి.మీ. కూడా ఉంది, హోల్డర్ దానికి తగ్గట్టు ఉండాలి. గేర్ పళ్ల నిష్పత్తి మారితే బ్లేడు వేగం కూడా మారుతుంది. బ్లేడు మీద రాసి ఉన్న గరిష్ఠ వేగాన్ని దాటేలా ఉంటే ఆ హెడ్ వద్దు.

బేరింగ్ మీద నంబర్ చెరిగిపోయింది. కొత్తది ఎలా అడగాలి?

లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలవండి. 10×26×8 మి.మీ. అయితే 6000. 12×28×8 అయితే 6001. 10×30×9 అయితే 6200. 12×32×10 అయితే 6201. 15×35×11 అయితే 6202. ఈ మెషిన్లలో ఎక్కువగా కనిపించేవి ఇవే. నంబర్లో చివరి రెండు అంకెలు లోపలి వ్యాసాన్ని చెబుతాయి: 00 అంటే 10, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. 04 నుంచి ఆ అంకెను 5తో గుణిస్తే చాలు.

క్లచ్ డ్రమ్ దగ్గర రెండు వైపులా రబ్బరు మూత ఉన్న 2ఆర్ఎస్ రకం తీసుకోండి, గడ్డి దుమ్ము లోపలికి పోదు. గేర్ హెడ్ లోపల ఏ రకం వచ్చిందో అదే వేయండి. కొన్నిటిలో లోపలి వైపు తెరిచి ఉన్న బేరింగ్ వేస్తారు, గ్రీజు అందుకోవడం కోసం.

గేర్ హెడ్ బేరింగ్ హౌసింగ్‌లో లూజుగా ఉంది. సెంటర్ పంచ్‌తో చుక్కలు పెడితే పట్టదా?

పడుతుంది, కొన్నాళ్లు. ఆ చుక్కల కొసల మీదే బేరింగ్ నిలబడుతుంది కాబట్టి అవి అణిగిపోయి మళ్లీ లూజు అవుతుంది, ఈసారి ఇంకా ఎక్కువగా. కొంచెం లూజు అయితే బేరింగ్ పట్టించే ద్రవం దొరుకుతుంది, రెండు వైపులా జిడ్డు పూర్తిగా తుడిచి రాసి, డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వాలి. బేరింగ్ హౌసింగ్‌లో గలగలలాడితే లేత్ మీద బుష్ వేయించడం ఒకటే దారి. పాత హెడ్ తక్కువలో దొరికితే లేత్ పనికన్నా అదే నయం.

గ్రీజు ఏది, ఎంత?

గేర్ హెడ్‌కు లిథియం ఈపీ-2 గ్రీజు. హౌసింగ్‌లో ఖాళీ చోటులో సగానికి కొంచెం పైన నింపితే చాలు. పూర్తిగా కూరితే వేడికి వ్యాకోచించి సీల్‌ను తోసేస్తుంది. తర్వాత ప్రతి 25 గంటల పనికి ఒకసారి పక్క బోల్టు తీసి చూసి, తక్కువగా ఉంటే కొంచెం పెట్టండి. గేర్ హెడ్‌లు పోవడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఈ బోల్టును కొన్న రోజు నుంచి ఎవరూ విప్పకపోవడమే.

చైన్ సా స్ప్రాకెట్ పాతది వేయొచ్చా?

సాధారణంగా వద్దు. చైన్, దాన్ని తిప్పే పళ్ల చక్రం అయిన స్ప్రాకెట్ కలిసే అరుగుతాయి. రెండు చైన్లు అరిగేలోపు స్ప్రాకెట్ మార్చాలన్నది పని తెలిసినవాళ్లు పాటించే లెక్క. స్ప్రాకెట్ పళ్ల మీద గాడి 0.5 మి.మీ. కన్నా లోతుగా పడితే కొత్త చైన్ కూడా పాడవుతుంది. దాదాపు కొత్తగా ఉన్న మెషిన్ నుంచి తీసినదైతే పిచ్ (చైన్ లింకుల కొలత) చూసి వాడుకోవచ్చు. చైన్‌లో వరుసగా మూడు రివిట్లు తీసుకుని, మొదటి దాని మధ్య నుంచి మూడో దాని మధ్య వరకు కొలిచి సగం చేయండి: 9.52 మి.మీ. వస్తే 3/8 అంగుళం, 8.25 వస్తే .325 అంగుళం.

క్లచ్ తీయడానికి తాడు పద్ధతి మంచిది. ప్లగ్ తీసి, పిస్టన్ పైకి వస్తూ ఎగ్జాస్ట్ రంధ్రాన్ని మూసేశాకే ప్లగ్ రంధ్రంలోంచి స్టార్టర్ తాడు లాంటి మెత్తటి తాడు దూర్చండి, పిస్టన్ కదలకుండా ఆగుతుంది. ముందే దూరిస్తే తాడు ఎగ్జాస్ట్ రంధ్రం అంచుల్లో చిక్కుకుని తెగుతుంది. చాలా చైన్ సాల్లో క్లచ్ కూడా ఉల్టా మరే. డ్రమ్ లోపలి నీడిల్ బేరింగ్‌కు కొంచెం గ్రీజు పెట్టడం మరవకండి. బ్రేక్ బ్యాండ్ డ్రమ్ బయటి వైపు రాసుకుంటుంది కాబట్టి, బయట పల్చబడిన డ్రమ్‌ను అసలు వాడకండి.

పవర్ వీడర్‌కు పిండిమర పుల్లీ వేస్తే నడుస్తుందా?

బెల్టు సెక్షన్ (బెల్టు వెడల్పు రకం), వ్యాసం, షాఫ్ట్ రంధ్రం, కీ వే (కీ కూర్చునే గాడి) కలిస్తే నడుస్తుంది. A సెక్షన్ బెల్టు పైన 13 మి.మీ. వెడల్పు, B సెక్షన్ 17 మి.మీ. పుల్లీ గాడి అడుగు అద్దంలా మెరుస్తుంటే బెల్టు అడుగుకు తగులుతోందని అర్థం. ఆ పుల్లీ జారుతుంది, వద్దు.

ఇంజన్ షాఫ్ట్ కొలత ఇక్కడ మోసం చేస్తుంది. ముప్పావు అంగుళం అంటే 19.05 మి.మీ., పక్కనే 20 మి.మీ. రకమూ ఉంది. కంటికి రెండూ ఒకటే. 20 పుల్లీని 19.05 షాఫ్ట్‌కు వేసి స్క్రూ గట్టిగా బిగిస్తే ఒక పక్కకు ఒరిగి తిరుగుతుంది, కొన్ని రోజుల్లో కీ వే నలిగి షాఫ్టే పాడవుతుంది. రెండు బెల్టుల పుల్లీ అయితే రెండు బెల్టులూ ఒకేసారి కొత్తవి వేయండి.

బిగించాక మొదట ఎలా నడిపి చూడాలి?

బ్లేడు లేకుండా. ఐడిల్‌లో అయిదు నిమిషాలు, తర్వాత మెల్లగా రేజ్ పెంచుతూ రెండు నిమిషాలు. ఆపి, గేర్ హెడ్‌ను ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆనించలేనంత వేడెక్కితే ఆట తక్కువైంది, లేదా గ్రీజు ఎక్కువైంది. అంతా బాగుంటే బ్లేడు, గార్డు బిగించి, ఐడిల్‌లో బ్లేడు పూర్తిగా ఆగుతోందో లేదో చూడండి. ఆగకపోతే పొలానికి తీసుకెళ్లకండి. మొదటి రోజు మెత్తటి గడ్డి మాత్రమే కోసి, సాయంత్రం అన్ని బోల్టులూ మరోసారి బిగించండి.

వారంటీ ఉన్న మెషిన్‌కు ఇలా చేయొచ్చా?

చేయకండి. విప్పినా, బయటి పార్టు వేసినా వారంటీ పోయే అవకాశం ఉంది. ముందు సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

మిగిలిన పాత పార్టులను ఎలా దాచాలి?

కిరోసిన్‌తో కడిగి, ఆరాక పల్చగా గ్రీజు రాసి, పాలిథీన్ కవర్లో చుట్టండి. గేర్ జతను ఒకే తీగకు కట్టి ఉంచండి, షిమ్‌లతో సహా. కవర్ లోపల ఒక చీటీ మీద మెషిన్ మోడల్, షాఫ్ట్ పళ్ల సంఖ్య, పైపు వ్యాసం, డ్రమ్ కొలత రాసిపెట్టండి. రాయని పార్టు మళ్లీ కావలసినప్పుడు ఏ మెషిన్‌దో తెలియక పనికిరాకుండా పోతుంది. షాఫ్ట్‌లను గోడకు ఆనించి నిలబెట్టకుండా తాడుతో నిలువుగా వేలాడదీయండి, లేదా పైపులోనే ఉంచండి.